మాకు కనబడని కుర్చీ

కిందటి కోతపండుగ నాడు ఆరాధన ముగిసి కానుకల వేలం మొదలైంది. ఒక గుమ్మడికాయ మూడు వందలు దాటింది. ఒక పుంజు రెండు వేలకు చేరింది. అయ్యగారు నవ్వుతూ పాట పెంచుతున్నారు. మేమిద్దరము షామియానా కింద ముందు వరుసలో కూర్చుని ఉన్నాము. ఆ కుర్చీలు ఎవరు తెచ్చి వేశారో, మేము ఎప్పుడు వచ్చి కూర్చున్నామో ఇప్పుడు ఎంత ఆలోచించినా జ్ఞాపకం రావడం లేదు. గుడికి వెళ్తే మాకు కుర్చీ ఉంటుంది. అంతే.

మాకు నాలుగు అడుగుల దూరంలో, వేపచెట్టు మొదట్లో, ఒక పెద్దామె నేల మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నది. ఆమెను అందరూ అవ్వ అంటారు గాని, లెక్కవేస్తే మాకంటే ఐదారేళ్ళే పెద్ద. మురుగు కాలువకు ఆవతల ఉన్న మాదిగపల్లె నుండి పండుగ వంటకు సాయానికి వచ్చింది. ఏటా వస్తుంది. పక్కనే మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మాలో నర్సుగా పనిచేసినవారు మర్యాదకు, "ఏమమ్మా, పైన కూర్చోరాదూ?" అని అడిగారు. "నాకు కిందే బాగుంటదమ్మా" అన్నది ఆమె, తల ఎత్తకుండానే. సరేననుకుని మళ్ళీ వేలం వైపు తిరిగాము.

భోజనాల వేళకు ఆమె లేవబోయింది. ఒక చెయ్యి చెట్టు మీద, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టి లేవబోయి, లేవలేక మళ్ళీ చతికిలబడింది. రెండోసారీ అంతే. మూడోసారి పక్కనున్న కుర్రవాడు రెక్క పట్టుకుని లేపాడు. మోకాలి కీళ్ళు అరిగినవారికి నేల మీద నుండి లేవడమంత నరకం ఇంకొకటి లేదని, పీట మీదైనా కూర్చోమని, ముప్పై నాలుగేళ్ళు ఊరూరా తిరిగి చెప్పిన నోరు మాది. ఆమె కింద బాగుంటుందన్నది, మేము నమ్మాము. అలా నమ్మితే మాకు సుఖంగా ఉంటుంది గనుక నమ్మాము.

ప్రియ పాఠకులారా, మన సంఘాల్లో ఒక మాట తరచుగా వినబడుతుంది. వేదిక ఎక్కిన ప్రతివారూ, నాలుగు మాటలు చెప్పే ఆధిక్యత ఇచ్చినందుకు దేవునికి వందనాలు అంటారు. పాట పాడేవారు అంటారు, ప్రకటనలు చదివేవారు అంటారు, కానుకలు ఎత్తేవారూ అంటారు. మేమూ లెక్కలేనన్ని సార్లు అన్నాము. వేదిక మీద ఉన్న ఆ ఐదు నిమిషాల ఆధిక్యత మనకు బాగా తెలుస్తుంది. వేదిక దిగిన తరువాత వారం పొడవునా మన వెంట నడిచే ఆధిక్యత మాత్రం తెలియదు. దానికి ఎవరమూ వందనాలు చెప్పము. అది ఎవరో ఇచ్చినదని, అది లేనివారు కూడా ఉన్నారని తోచదు.

మా సంగతి చెప్పుకోవాలి. మేము కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల చివర ఉన్న ఒక గ్రామంలో మాలపల్లె క్రైస్తవులము. మా తాతగారు ఊళ్ళో ఒక మోతుబరి రైతు ఇంట పాలేరు. ఆయన ఊరి బజారులో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. దాహమైతే వీధిలో నిలబడి దోసిలి పడితే పైనుండి నీళ్ళు పోశారు. మిషను బడి మా నాన్నగారికి అక్షరాలు నేర్పింది. మా తరానికి ఉద్యోగాలు వచ్చాయి. మాలో ఒకరు హైస్కూలులో తెలుగు పంతులు, ఒకరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఇద్దరమూ విశ్రాంతి తీసుకుని పల్లెలోనే డాబా ఇంట్లో ఉంటున్నాము. మమ్మల్ని అందరూ మాస్టారని, నర్సమ్మగారని పిలుస్తారు. చిన్నచూపు ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందువల్లనే కాబోలు, ఆధిక్యత అనేది ఊళ్ళోవాళ్ళ సంగతి, మనకు సంబంధం లేదు అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాము.

ఊళ్ళోవాళ్ళది చూడటం మాకు చేతనయిన పనే. బస్సులో పక్కన కూర్చున్నవారు మాట కలుపుతారు. ఏ ఊరండీ? ఊళ్ళో ఏ వైపు? ఇంటిపేరేమిటి? ఈ మూడు ప్రశ్నలూ ఎందుకో అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. పెద్ద కులం వారు ఒక్క ఊపిరిలో జవాబు చెప్పి కిటికీలో నుండి బయటికి చూస్తారు. మేము మాత్రం రెండో ప్రశ్న దగ్గరే "హైస్కూలు వైపండీ" అని చెప్పడం అలవాటు చేసుకున్నాము. అబద్ధం కాదు, హైస్కూలు మా పల్లెకు దారిలోనే ఉంది. కాని ఒక మనిషి తన ఇల్లు ఎక్కడో చెప్పడానికి ముందుగా జవాబు తయారు చేసుకోవలసి వస్తే, ఆ అవసరం ఎన్నడూ లేనివారికి అదొక భారమని తోచనే తోచదు.

పేర్ల సంగతీ అంతే. మన పల్లెల్లో చాలామంది పిల్లలకు రెండు పేర్లు. బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రిజిస్టరులోది ఒకటి. దీని వెనుక ఉన్న కారణం పెద్దలకు తెలిసినదే. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఆ కులాల నుండి క్రైస్తవులైనవారిని, వారి సంతానాన్ని వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపుగా పెట్టి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. అందుచేత పేదింటి తల్లి పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు ఏ పేరు రాయించాలా అని పది రాత్రులు ఆలోచిస్తుంది. పెద్ద కులం నుండి విశ్వాసంలోకి వచ్చిన సహోదరులకు ఈ చిక్కు లేదు. బాప్తిస్మం తీసుకున్నా వారి పొలం పొలంగానే, ఇంటిపేరు మర్యాద మర్యాదగానే ఉంటాయి. వారిని నొప్పించాలని ఈ మాట అనడం లేదు. వారిలో మాకు ఆత్మీయులున్నారు. వారితో ఈ సంగతి చెప్పినప్పుడు, "నిజమే మాస్టారూ, మేము ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు" అన్నారు. ఆ "ఆలోచించలేదు" అన్న మాటే మమ్మల్ని మా వైపు చూసుకునేలా చేసింది.

రెండు గ్లాసుల పద్ధతి మీకందరికీ తెలుసు. టీ కొట్టులో ఊళ్ళోవాళ్ళకు ఒక గ్లాసు, పల్లెవాళ్ళకు వేరే గ్లాసు, తాగినవారే కడిగి చూరులో పెట్టిపోవాలి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని నేరంగా శిక్షించే చట్టం వచ్చింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఇన్ని వచ్చినా మా చిన్నతనంలో ఆ చూరు గ్లాసులు చూశాము, మా ఉద్యోగపు తొలినాళ్ళలోనూ చూశాము. ఇప్పుడు చూరులో గ్లాసులు లేవు. కిందటేడు రోడ్డు మీది ఒక కొట్టు దగ్గర ఆగితే కొట్టతను "రండి మాస్టారూ" అని గాజుగ్లాసులో టీ ఇచ్చాడు. వెనుకనే మాదిగపల్లె కూలీలిద్దరు వచ్చారు. వాళ్ళకు కాగితం కప్పుల్లో పోశాడు. ఎందుకయ్యా అని అడిగితే, "గ్లాసులు కడిగే మనిషి రాలేదండీ" అన్నాడు. మా గ్లాసు మాత్రం కడిగి ఉన్నది.

ఆ సంగతి ఇంటికి వచ్చి కోపంగా చెప్పుకుంటున్నాము. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె, ఆమెదీ కాలువ అవతలి పల్లెే, పెరటి గుమ్మంలో టీ తాగుతున్నది. తాగి, గ్లాసు కడిగి, తీసుకువెళ్ళి కిటికీలో బోర్లించింది. మిగతా గ్లాసులన్నీ వంటింటి స్టాండులో ఉన్నాయి. ఆ ఒక్క స్టీలు గ్లాసు కిటికీలో ఉంటుంది. ఎన్నేళ్ళ నుండి ఉంటున్నదో తెలియదు. అక్కడ పెట్టమని మేము చెప్పినట్టు గుర్తు లేదు, చెప్పలేదని ప్రమాణం చేయగల ధైర్యమూ లేదు. వేరే గ్లాసు అని ఎన్నడూ అనుకోలేదు. "ఆమె గ్లాసు" అనుకున్నాము. ఆ మాట ఎంత ప్రేమగా వినబడుతుందో చూడండి!

పిలుపుల సంగతి కూడా ఒకటి చెప్పి ముందుకు వెళ్తాము. మా బాబాయికి డెబ్బై నిండినా ఊళ్ళో మీసాలు రాని కుర్రవాడు "ఏరా" అని పిలిచేవాడు. ఆ పిలుపు విన్న ప్రతిసారీ మా కడుపు రగిలేది. వేసవి సెలవులకు హైదరాబాదు నుండి మా మనుమరాలు వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. అంట్లు తోమే ఆమెను "ఏయ్, ఇటు రా" అని పిలిచింది. ఆమెకు యాభై ఏళ్ళు. పిల్లను మందలించాము. "నువ్వు కూడా ఏమే అనే పిలుస్తావు కదా అమ్మమ్మా" అన్నది. ఇక మాట్లాడలేదు.

మాలో తెలుగు చెప్పినవారు జాషువా గారి గబ్బిలం గురించి ఏళ్ళ తరబడి తరగతిలో చెప్పారు. వినుకొండలో 1895లో పుట్టిన ఆ మహాకవి మన క్రైస్తవ కుటుంబంవాడేనని గర్వంగా చెప్పేవారు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది, కనుక ఆ అభాగ్యుడు తన మొర గబ్బిలంతో చెప్పుకుని శివుని దగ్గరికి పంపుతాడు. 1941లో వచ్చిన కావ్యం అది. ప్రతిపదార్థం చెప్పాము, అలంకారాలు చెప్పాము, పరీక్షల్లో ప్రశ్నలిచ్చాము. తరగతిలో వెనుక బల్ల మీద కాలువ అవతలి పిల్లలు కూర్చునేవారు. వాళ్ళు అక్కడే ఎందుకు కూర్చుంటారని ఒక్కరోజూ అడగలేదు. అడిగితే ఏమనేవారో ఇప్పుడు తెలుస్తున్నది. "మాకు ఇక్కడే బాగుంటది సార్" అనేవారు.

మన సంఘాల చరిత్ర తెలిసినవారికి ఇది ఇంకా సిగ్గుగా ఉండాలి. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చిన కొత్తలో పెద్ద కులాలవారు ఆయన బడి మీద, బోధ మీద ఆసక్తి చూపారు. ఆ రోజుల్లోనే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడు పల్లెపల్లెకూ తిరిగి తన వారికి సువార్త చెప్పాడు. వాళ్ళు బాప్తిస్మం కోరి రావడం మొదలుపెట్టగానే, వాళ్ళను చేర్చుకుంటే మేము రామని పెద్దలు ఖండితంగా చెప్పారు. ఆ రాత్రి దొరగారు ఒక గదిలో, దొరసానిగారు మరొక గదిలో ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం, లోకం లెక్కచేయని వారిని దేవుడు ఏర్పరచుకున్న సంగతి చెప్పే భాగం, ఎదురైందని దొరగారు తమ జీవిత కథలో చెప్పుకున్నారు. ఆయన మాదిగలకు తలుపు తెరిచారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2222 మంది బాప్తిస్మం పొందారు. మా గుంటూరు వైపు మిషను దానికి ముందే, 1842లో హయ్యరు దొరగారితో మొదలైంది, అందులో ఎక్కువగా చేరినది మాలలు. మిషన్లు సరిహద్దులు గీసుకున్నాయి, పల్లెలు పల్లెలుగా మారుమనస్సు పొందాయి. కాలువకు ఇవతల ఒక గుడి, అవతల ఒక గుడి. రెండింటిలోనూ ఒకే పాటలు, ఒకే ప్రభురాత్రి భోజనం. పెళ్ళి సంబంధం మాత్రం కాలువ దాటదు. తలుపు తెరిచిన చరిత్ర మనదని వార్షికోత్సవాల్లో చెప్పుకుంటాము. ఆ తలుపు ఎవరి కోసం తెరిచారో వాళ్ళ మునిమనుమరాలు మా వేపచెట్టు కింద ఉల్లిపాయలు ఒలుస్తున్నది.

కారంచేడు జరిగినప్పుడు మేము ఉద్యోగాల్లో కొత్త. 1985 జూలై 16న మాదిగపల్లె వాళ్ళు తాగే మంచినీళ్ళ చెరువు దగ్గర ఊళ్ళో రైతు కుర్రవాళ్ళు గేదెల కుడితి బక్కెట్టు కడుగుతుంటే ఒక అబ్బాయి వద్దన్నాడు. వాణ్ణి కొట్టబోతే మున్నంగి సువార్త అనే ఆమె బిందె ఎత్తి అడ్డం వచ్చింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవారు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మా పల్లెలో ఇల్లిల్లూ తిరిగి బియ్యం పోగుచేసి ఆ శిబిరానికి పంపాము. గేదె యజమానికి అది వట్టి చెరువు, బక్కెట్టు ఎక్కడ ముంచినా నీళ్ళే. బిందె పట్టుకుని వచ్చిన ఆమెకు అది ఇంట్లో పిల్లలు తాగే నీరు. ఈ తేడా ఊళ్ళోవాళ్ళకు కనబడలేదని ఎంత బాగా మాట్లాడుకున్నామో! ఆ యేడు మా పల్లె బావి దగ్గర కాలువ అవతలి ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పెట్టుకుని ఎవరైనా తోడి పోస్తారేమోనని నిలబడేవారు. చేద వాళ్ళు ముట్టుకునేవారు కాదు. మేము తోడి పోసేవాళ్ళము కూడా. పోసి, సాయం చేశామనుకునేవాళ్ళము.

1991లో చుండూరు. అక్కడ గొడవ సినిమా హాలులో మొదలైంది. చదువుకున్న పల్లె కుర్రవాడి కాలు ముందు సీటులోని ఊరి కుర్రవాడికి తగిలింది. సీటు కాడ మొదలైన మాట నెల తిరిగేసరికి, ఆగస్టు 6న, ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. ఆ శవాలను శ్మశానానికి తీసుకుపోకుండా ఊరి నడుమ పాతిపెట్టి ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు కొట్టివేసింది. చనిపోయినవారిని ఎక్కడ పాతిపెట్టాలన్నది ఎంత పెద్ద విషయమో ఆ పల్లెవాళ్ళు తెలుసుకుని చేశారు. మాకు అది తెలియడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఇక చెప్పవలసిన సంగతి చెబుతాము.

2013 అక్టోబరు ఆఖరులో కోస్తా జిల్లాలను వానలు ముంచిన సంగతి మీకు గుర్తుండవచ్చు. మా దగ్గర మురుగు కాలువ పొంగి మాదిగపల్లె వాళ్ళ సమాధుల చోటు మునిగిపోయింది. అది కాలువ గట్టు పక్కన ఉన్న పల్లపు నేల, మామూలు వానకే చెమ్మగిల్లుతుంది. మా సంఘపు సమాధుల తోట మెరక మీద ఉంది. చుట్టూ ప్రహరీ గోడ, ఇనుప గేటు, గేటుకు తాళం. గేదెలు పడకుండా తాళం వేశాము. గోడకు చందాలిచ్చినవారి పేర్లు పాలరాతి మీద చెక్కించాము.

ఒక శుక్రవారం తెల్లవారుజామున, మొదట చెప్పిన ఆ అవ్వ భర్త చనిపోయాడు. కరెంటు లేదు, మంచుపెట్టె దొరకలేదు. పది గంటలకు ఆ సంఘపు పెద్దలిద్దరు గోనెసంచులు తలమీద వేసుకుని వానలో మా గడపలోకి వచ్చారు. మీ తోటలో ఒక మూల, ఆరడుగుల చోటు ఇప్పించండి, నీళ్ళు తీశాక కావాలంటే ఎముకలు తీసుకుపోతాము అన్నారు. ఆ చివరి మాట వాళ్ళే అన్నారు, మేము అడగలేదు. మేము సంఘ కమిటీని పిలిపించాము. పదకొండున్నరకు మా ఇంట్లోనే కూర్చున్నాము. ఒకరు, మన వాళ్ళకే చోటు చాలదు అన్నారు. ఒకరు, ఈ రోజు ఇస్తే రేపు కాదనలేము అన్నారు. చందాలిచ్చినవారు హైదరాబాదులో, అమెరికాలో ఉన్నారు, వాళ్ళనొక మాట అడగాలి గదా అని ఇంకొకరు. ఎవరూ కులం పేరెత్తలేదు. ఎవరూ గట్టిగా కూడా మాట్లాడలేదు. ప్రార్థనతో మొదలుపెట్టి ప్రార్థనతో ముగించాము. మధ్యలో టీ వచ్చింది. ఆదివారం ఆరాధన తరువాత సంఘమంతటి ముందు పెట్టి నిర్ణయిద్దాము అనుకున్నాము. మినిట్స్ పుస్తకంలో "వాయిదా వేయడమైనది" అని మా చేతివ్రాతే ఉంది.

ఆదివారం దాకా శవం ఆగదు. ఆ చిన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. తట్టినా అన్నవారు లేరు. మా ఇంట్లో చావు వస్తే గేటు తెరుచుకుంటుంది, గుంట తవ్వుతారు, గంట కొడతారు. తీరికగా మాట్లాడుకునే వెసులుబాటు మాది. ఆ రోజు సాయంత్రం చీకటి పడేవేళకు వాళ్ళు నడుములోతు నీళ్ళలో పాడె భుజాల మీద పెట్టుకుని, మూడు మైళ్ళ దూరంలో రోడ్డు కట్టవారకు మోసుకుపోయి అక్కడ పాతిపెట్టారు. మేము గొడుగులు వేసుకుని కొంత దూరం వెళ్ళాము. వాళ్ళ అయ్యగారు ప్రార్థన చేస్తుంటే ఆమేన్ అన్నాము. ఆదివారం ఆ విషయం సంఘం ముందుకు రాలేదు, అవసరం తీరిపోయింది గదా. మేము కాదన్నామని మాకు అనిపించలేదు. ఇన్నేళ్ళలో ఎవరైనా అడిగి ఉంటే, "లేదండీ, మేము కాదనలేదు" అనే చెప్పేవాళ్ళము.

మొన్నటి పండుగ నాడు ఆమె చెట్టు పట్టుకుని లేవలేక చతికిలబడినప్పుడు ఇదంతా ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చింది.

రెండు వారాల తరువాత ఆమె ఇంటికి వెళ్ళాము. మోకాళ్ళకు పూతమందు తీసుకుని వెళ్ళాము. నిజం చెప్పాలంటే ఆ మందు ఒక సాకు. నలభై ఏళ్ళుగా ఒకే గ్రామంలో ఉంటూ, నర్సు ఉద్యోగం పనిగా గాక ఆ గడప తొక్కడం అదే మొదలు. ఆమె కంగారుగా లోపలికి పోయి ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి, చీర కొంగుతో తుడిచి వేసింది. రెండోది పక్కింటి నుండి తెప్పించింది. మేము బాగా ఆలోచించుకుని వెళ్ళినవాళ్ళము కదా, కుర్చీలు వద్దని ఆమె చాప మీద కూర్చున్నాము. అప్పుడామె కూర్చోవడమే మానేసింది. మేము కింద, ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి. ఎంత చెప్పినా కూర్చోదు. ఆ మోకాళ్ళతో. చివరికి మేమే లేచి కుర్చీల్లో కూర్చుంటే ఆమె నులకమంచం మీద చేరింది. మా వినయం కూడా ఆమె కాళ్ళ మీదే పడింది.

పండుగ నాడు కుర్చీ ఎందుకు వద్దన్నావు అక్కా అని అడిగాము. అక్కా అని పిలవడం అదే మొదటిసారి, ఇద్దరికీ కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "కూచుంటానమ్మా, కూచుంటే ఎవరో పెద్దోళ్ళు వస్తారు. లెగమంటారు. లేపించుకునే దానికంటే కింద ఉంటం మేలు గదా" అన్నది. "ఎప్పుడైనా లేపారా?" అంటే, మీ గుళ్ళోనే ఒక పెళ్ళిలో అన్నది. ఎవరు లేపారు అని అడిగాము. "ఇప్పుడెందుకులే నర్సమ్మగారూ" అని కోడిపిల్లల వైపు చూసింది. మేము ఇంకోసారి అడగలేదు. ఆ పెళ్ళిళ్ళలో కుర్చీలు సర్దించే పని చాలా ఏళ్ళు మాదే.

టీ ఇచ్చింది. తాగాము. మాటల్లో భర్త సంగతి వచ్చింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ కట్టవార మట్టి తవ్వేశారట, ఆయన చోటు ఇప్పుడు ఎక్కడో గుర్తు తెలియదట. ప్రతి ఏడూ సమాధుల పండుగకు అందరూ పూలు పెడతారు గదా, ఆమె రోడ్డు పక్కన ఒక మైలురాయి దగ్గర పెట్టి వస్తుంది. తిట్టలేదు, ఏడవలేదు. "నేను మాత్రం ఎండాకాలం పోవాలని ప్రార్థన చేసుకుంటున్నానమ్మా" అన్నది. మేము తల వంచుకున్నాము.

వచ్చేటప్పుడు గడప దాకా సాగనంపింది. అక్కడ నిలబడి, ఏదో మామూలు సంగతి అడిగినట్టు, "మాస్టారూ, ఆ తోట తాళంచెవి ఎవరి కాడ ఉంటది?" అన్నది.

మా దగ్గరే అని చెప్పాము. 2013లో కూడా మా ఇంట్లోనే ఉన్నది, కేలెండరు తగిలించిన మేకుకు.

సమాధుల తోట రెండు పల్లెలకూ ఉండాలని సంఘ కమిటీలో రాతపూర్వకంగా పెట్టాము. రెండుసార్లు వాయిదా పడింది. మళ్ళీ వచ్చే నెల మొదటి ఆదివారం.